వాయిదా సెల్లులో కనిపిస్తుంది.. గడువు మనమే చూసుకోవాలి

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. గెలవలేదు, ఓడలేదు, అసలు కోర్టు మెట్లే ఎక్కలేదు, అయినా ఏడ్చిన రైతులు మన దగ్గర ఉన్నారు. వారిలో మా మేనమామ ఒకరు.

చాలా ఏళ్ల కిందటి మాట. మామకున్న రెండెకరాల చిల్లర భూమి, దాని చుట్టుపక్కల రైతుల భూములు ఒకే నోటిఫికేషన్ కింద సేకరణలో పోయాయి. ఎవరు తీసుకున్నారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇచ్చిన పైసలు తీసుకుని మామ సంతకం పెట్టాడు. పక్క చేను రైతు మాత్రం ఈ ధర చాలదని కోర్టుకు పోయాడు. ఏళ్లు గడిచాయి. కోర్టు అతనికి ధర పెంచింది. ఆ సంగతి మామకు తెలిసింది ఎప్పుడు? తీర్పు వచ్చిన అయిదు నెలలకు, ఒక పెళ్లిలో, భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు. మరునాడే వకీలు దగ్గరికి పోతే "మూడు నెలల్లోపు రావాల్సింది పెద్దాయనా, గడువు దాటిపోయింది" అన్నాడు.

"నాకెవలు చెప్పిండ్రు సారూ? కాయితం రాకపాయె, కబురు రాకపాయె" అన్నాడు మామ. ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కానీ చట్టం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు.

ఇప్పుడైతే అదే తీర్పు ఇంట్లో పిల్లల సెల్లులో కనిపించేది. కోర్టుల్లోకి కంప్యూటర్ వచ్చింది, కేసు వివరాలు, వాయిదాలు, ఉత్తర్వులు ఇంటర్నెట్‌లోకి ఎక్కుతున్నాయి. ఇది వకీళ్లకు సంబంధించిన సంగతి, మనకేం పని అని రైతులు అనుకోరాదు. సింగరేణి గనులు, ఎన్టీపీసీ, ఎల్లంపల్లి ప్రాజెక్టు, కాల్వలు, రోడ్లు.. వీటన్నిటికీ భూములిచ్చిన ప్రాంతం మనది. రామగుండం నుంచి మంథని దాకా భూ పరిహారం మాట వినిపించని ఊరు తక్కువ. కాబట్టి ఈ కొత్త పద్ధతి ఏమిటో, దాన్ని ఎలా వాడుకోవాలో తెలుసుకోవడం అవసరం.

ఏమిటా మూడు నెలలు?

1894 నాటి పాత భూసేకరణ చట్టంలో 28-ఎ అనే సెక్షన్ ఉంది. 1984లో సవరణ చేసి దీన్ని చేర్చారు. ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయిన రైతుల్లో ఒకరు కోర్టుకు పోయి ఎక్కువ ధర తెచ్చుకుంటే, కోర్టుకు పోని మిగతా రైతులు కూడా అదే లెక్కన తమకు పరిహారం పెంచమని కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చదువు లేక, వకీలు ఫీజు భరించలేక ఇంట్లో ఉండిపోయిన పేద రైతుకు అన్యాయం జరగరాదని పెట్టిన సెక్షన్ ఇది. పైసలు తీసుకున్నప్పుడు అభ్యంతరం రాయలేదే అని భయపడాల్సిన పనిలేదు.

అయితే కోర్టు అవార్డు ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపే దరఖాస్తు చేరాలి. మనకు తెలిసిన తేదీ నుంచి కాదు, కోర్టు చెప్పిన తేదీ నుంచి. అవార్డు చెప్పిన రోజును, కాపీ తీసుకోవడానికి పట్టిన రోజులను మాత్రం లెక్కలోంచి తీసేస్తారు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 నాటి కొత్త భూసేకరణ చట్టంలోనూ 73వ సెక్షన్ కింద ఇదే ఏర్పాటు, ఇదే మూడు నెలల గడువు ఉన్నాయి. అక్కడ కోర్టుకు బదులు, ఆ చట్టం కింద ఏర్పడే అథారిటీ ఇచ్చిన అవార్డు తేదీని చూస్తారు.

అంటే పక్క రైతు కేసు తేలిన సంగతి సకాలంలో తెలియడమే ఇక్కడ సగం పని. గతంలో అది గుమాస్తా నోటి మాట మీద, ఊళ్లో వాళ్ల మంచితనం మీద ఆధారపడి ఉండేది. ఇప్పుడు ఎవరినీ అడగకుండానే చూసుకోవచ్చు.

కోర్టులోకి కంప్యూటర్ ఎప్పుడొచ్చింది?

సుప్రీంకోర్టులో కంప్యూటర్ల పని 1990లో మొదలైంది. జిల్లా, తాలూకా కోర్టుల సంగతి మాత్రం చాలాకాలం పట్టింది. 2005లో సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఒక జాతీయ విధానం తయారు చేసింది. దాని ప్రకారం 2007లో ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు మొదలైంది. మొదటి దశలో కోర్టులకు కంప్యూటర్లు వచ్చాయి. 2015 నుంచి రెండో దశలో కేసుల వివరాలు ప్రజలకు ఇంటర్నెట్‌లో చూపించడంపై దృష్టి పెట్టారు. దేశంలోని ఏ కోర్టులో ఎన్ని కేసులు పెండింగ్‌లో ఉన్నాయో చూపే జాతీయ న్యాయ సమాచార గ్రిడ్‌ను 2015 సెప్టెంబరులో ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలతో మూడో దశకు ఆమోదం తెలిపింది. పాత ఫైళ్లను స్కాన్ చేయడం, కాగితం లేని కోర్టులను తయారు చేయడం ఈ దశలో ముఖ్యమైన పనులు.

2020లో కరోనా వచ్చి కోర్టు తలుపులు మూతపడినప్పుడు వీడియోలో వాదనలు వినక తప్పలేదు. ఆ అవసరంతో వకీళ్లకూ, కోర్టు సిబ్బందికీ ఈ పద్ధతి అలవాటైంది. ఇలాంటి పద్ధతి ఇతర దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. సింగపూర్‌లో 2000 సంవత్సరం నాటికే సివిల్ కేసులు కంప్యూటర్ ద్వారా దాఖలు చేసేవారు.

మన దగ్గర ఇంకో మార్పు కూడా జరిగింది. పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడినా, ప్రధాన జిల్లా కోర్టు కోసం కరీంనగర్ పోవాల్సి వచ్చేది. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు ఏర్పాటు చేయడంతో అది పెద్దపల్లికి వచ్చింది. కోర్టు దగ్గరైంది, సమాచారం అంతకన్నా దగ్గరైంది.

పదహారు అక్షరాల నంబరు

ప్రతి కేసుకూ ఇప్పుడు సీఎన్ఆర్ అనే నంబరు ఇస్తున్నారు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం పదహారు. ముందు రాష్ట్రం, జిల్లా, కోర్టులను తెలిపే గుర్తులు ఉంటాయి. తర్వాత ఆరంకెల వరుస సంఖ్య, చివర నాలుగంకెల సంవత్సరం ఉంటాయి. మనిషికి ఆధార్ ఎట్లాగో కేసుకు ఈ నంబరు అట్లాగ. దేశంలో ఏ రెండు కేసులకూ ఒకే నంబరు ఉండదు.

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అనే యాప్‌ను సెల్లులో వేసుకుని, ఈ నంబరు కొడితే చాలు. కేసు ఏ కోర్టులో ఉంది, కిందటి వాయిదాకు ఏం జరిగింది, తర్వాతి వాయిదా ఎప్పుడు, కేసు ఏ దశలో ఉంది, ఉత్తర్వు ఎక్కించారా అన్నవి కనిపిస్తాయి. దీనికి రుసుం లేదు. చూసిన కేసును 'నా కేసులు' కింద దాచుకునే వీలు కూడా ఉంది.

ఇక్కడే భూమి పోయిన రైతులు ఒక పని చేయాలి. సొంత కేసు ఉన్నవారు దాని నంబరు దాచుకుంటారు. కేసు లేనివారు కూడా, తమతో పాటు ఒకే నోటిఫికేషన్‌లో భూమి పోయి కోర్టుకు వెళ్లిన రైతుల నంబర్లు అడిగి తీసుకుని యాప్‌లో దాచుకోవాలి. నెలకు ఒకటి రెండుసార్లు చూస్తే చాలు. కేసు తేలినట్టు కనపడగానే గడువు లెక్క మొదలైందని అర్థం.

ఒక ఊరి రైతులు ఇదే పనిని ఉమ్మడిగా చేసుకుంటున్నారు. డిగ్రీ చదివే ఒక పిల్లవాడికి ఆ బాధ్యత అప్పగించారు. వాయిదా ముందురోజు వాట్సప్‌లో అందరికీ చెబుతాడు. "జడ్జి సారు సెలవుల ఉంటే గా ముచ్చట కోర్టుకు పోయినంకనే తెల్సేది. ఇయ్యాల ఒక దినం కూలి, బస్సు కిరాయి మిగులుతున్నయి" అన్నాడు వారిలో ఒక రైతు. అయితే సెల్లులో చూసుకున్నాం కదా అని వాయిదాకు మానేయరాదు. రావాలా వద్దా అన్నది వకీలును అడిగాకే నిర్ణయించుకోవాలి.

పేరుతో వెతికితే దొరకదేం?

చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇది. సీఎన్ఆర్ తెలియకపోతే కేసు నంబరుతో గానీ, పేరుతో గానీ, వకీలు పేరుతో గానీ వెతకవచ్చు. కానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. రాజయ్య అన్న పేరును ఒకరు ఒక తీరుగా, ఇంకొకరు ఇంకో తీరుగా కొడతారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఒకచోట పొడి అక్షరమే ఉంటుంది. ఒక తీరుగా కొడితే దొరకలేదని కేసే లేదనుకోవద్దు. వేరే తీరుగా కొట్టి చూడాలి. కేసు ఏ సంవత్సరంలో వేశారో తెలిస్తే వెతకడం సులువు. అన్నిటికన్నా మంచిది వకీలును సీఎన్ఆర్ నంబరు కాగితం మీద రాసిమ్మని అడగడం. అది మన హక్కు, మొహమాటం అక్కర్లేదు.

ఈ-ఫైలింగ్ అంటే ఏమిటి?

ఇంతవరకు చెప్పింది కేసు చూసుకోవడం గురించి. కేసు వేయడం కూడా కంప్యూటర్ ద్వారా చేయడాన్ని ఈ-ఫైలింగ్ అంటారు. వకీలు తన బార్ కౌన్సిల్ వివరాలతో పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటాడు. దావా, అఫిడవిట్, వకాలత్‌నామా, పహాణీలు, నోటీసులు అన్నీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తాడు. సంతకం డిజిటల్ పద్ధతిలో గానీ, ఆధార్‌కు వచ్చే ఓటీపీతో గానీ చేస్తారు. కోర్టు ఫీజు కూడా ఆన్‌లైన్‌లో కట్టవచ్చు. కోర్టు సిబ్బంది పరిశీలించి, లోపాలుంటే తిప్పి పంపుతారు. సరిచేసి మళ్లీ ఎక్కించాలి. అంతా సరిగా ఉంటే కేసుకు నంబరు పడుతుంది. వకీలు లేకుండా సొంతంగా కేసు నడుపుకునేవారికి కూడా నమోదు సౌకర్యం ఉంది. ఎక్కించాక కాగితం ప్రతి కూడా ఇవ్వాలా అన్నది ఆ కోర్టులో అడిగి తెలుసుకోవాలి.

రైతు జాగ్రత్త పడాల్సింది స్కానింగ్ దగ్గర, టైపు దగ్గర. మన పహాణీల్లో సర్వే నంబర్లకు అ, ఆ, ఇ, ఈ అని బై నంబర్లు ఉంటాయి. ఇంగ్లీషులో కొట్టేటప్పుడు 'అ'కు ఒక ఏ, 'ఆ'కు రెండు ఏలు కొడతారు. ఒక ఏ తగ్గిందంటే మన భూమి పోయి పక్కవాడి భూమి వచ్చి కూర్చుంటుంది. ఎకరాలు, గుంటల దగ్గర చుక్క జరిగినా అంతే. పాత పహాణీ నకళ్లు మసకబారి ఉంటే స్కాన్‌లో అంకెలు కనపడవు. సంతకం పెట్టేముందు సర్వే నంబరు, విస్తీర్ణం, తండ్రి పేరు మూడూ చదివించుకుని వినాలి. ఆధార్‌లో ఒక పేరు, పట్టాదారు పాసు పుస్తకంలో ఇంకో పేరు ఉంటే ఆ సంగతి ముందే వకీలుకు చెప్పాలి.

స్కాన్ చేశాం కదా అని అసలు కాగితాలను పారేయవద్దు. కోర్టు అడిగిన రోజు అసలువే చూపించాలి.

కేసులో రాసే ఫోను నంబరు కూడా ముఖ్యమే. కోర్టు నుంచి వచ్చే సంక్షిప్త సందేశాలు ఆ నంబరుకే వస్తాయి. వకీలు నంబరుతో పాటు మన ఇంటి నంబరు కూడా రాయించుకోవాలి. సిమ్ మారిస్తే వెంటనే వకీలుకు చెప్పి మార్పించుకోవాలి.

సెల్లు ఫొటో సాక్ష్యం అవుతుందా?

బొగ్గు ప్రాంతంలో ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. పేలుళ్లకు గోడ పగిలిందని, పంట మీద దుమ్ము పడిందని, బోరు ఎండిందని ఫొటోలు, వీడియోలు తీసి పెట్టుకుంటారు. వీటిని కోర్టు చూస్తుంది. కానీ 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం వాటికి ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం ఫోను వాడే మనిషి, ఇంకో భాగం నిపుణుడు నింపి సంతకం చేయాలి. పాత చట్టంలోనూ 65-బి సెక్షన్ కింద సర్టిఫికెట్ అడిగేవారు. కాబట్టి ఫొటో తీసిన ఫోనును మార్చినా, అమ్మినా ముందు వకీలుకు చెప్పాలి. అసలు ఫొటోను చెరిపేసి, వాట్సప్‌లో తిరిగి వచ్చిన దాన్ని పట్టుకుపోతే ఇబ్బంది పడతారు.

ఫోను లేనివారి సంగతి?

"గీ యాపులు, ఓటీపీలు మాకేం తెల్సు బిడ్డా" అనే పెద్దలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వారి కోసమే కోర్టు ఆవరణల్లో ఈ-సేవా కేంద్రాలు ఏర్పాటు చేస్తున్నారు. దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా ఉన్నాయి. వాయిదా తేదీ చెప్పడం, సర్టిఫైడ్ కాపీ దరఖాస్తుకు సాయపడడం, కాగితాలు స్కాన్ చేసి ఈ-ఫైలింగ్‌కు తోడ్పడడం వీటి పని. మీ కోర్టుకు వెళ్లినప్పుడు కేంద్రం ఎక్కడుందో అడగండి.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవాలి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. 1987 నాటి న్యాయసేవల చట్టంలో పారిశ్రామిక కార్మికులు కూడా ఈ జాబితాలో ఉన్నారు. ఈ సంగతి మన గనుల ప్రాంతంలో చాలామందికి తెలియదు.

మోసగాళ్లున్నారు, జాగ్రత్త

కోర్టు ఫోనులోకి వచ్చిందనగానే మోసగాళ్లూ వచ్చారు. మీ మీద కేసు ఉంది, వీడియో కాల్‌లోనే అరెస్టు చేస్తున్నాం, పైసలు పంపితే వదిలేస్తాం అని బెదిరిస్తారు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో ఎక్కడా లేదు. కోర్టు ఎవరినీ ఫోనులో పైసలు అడగదు. పరిహారం మంజూరైంది, ఓటీపీ చెప్పండి అన్నా నమ్మవద్దు. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

కంప్యూటర్ చేయలేనిది

ఇంత చెప్పాక ఒక మాట దాచకుండా చెప్పాలి. కంప్యూటర్ వచ్చిందని కేసులు తొందరగా తేలడం లేదు. దేశంలోని జిల్లా, కింది కోర్టుల్లో పెండింగ్ కేసులు నాలుగు కోట్లు దాటి ఉన్నాయి. జడ్జి పోస్టు ఖాళీగా ఉంటే యాప్‌లో కనిపించేది మళ్లీ వాయిదాయే. ఉత్తర్వు అదేరోజు ఎక్కుతుందన్న భరోసా కూడా లేదు. సెల్లులో కనిపించే ఉత్తర్వు మన సమాచారం కోసమే. దరఖాస్తుకు, అప్పీలుకు కావాల్సింది కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ.

భాష ఇంకో అడ్డంకి. ఉత్తర్వులు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక భూమి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులు కొన్నిటిని తెలుగులోకి అనువదిస్తున్నారు. మంచిదే. కానీ పరిహారం కేసులో రైతుకు వచ్చే రెండు పేజీల ఉత్తర్వు తెలుగులో వచ్చినప్పుడే అసలు మేలు జరుగుతుంది. అప్పటిదాకా చదివి చెప్పే మనిషి కావాల్సిందే.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

* సొంత కేసు సీఎన్ఆర్ నంబరును పాసు పుస్తకం నకలు మీద రాసి పెట్టుకోండి.
* మీతో పాటు ఒకే నోటిఫికేషన్‌లో భూమి పోయినవారి కేసు నంబర్లు తీసుకోండి. నోటిఫికేషన్ తేదీ, అవార్డు నంబరు కూడా దాచుకోండి.
* ఎవరి కేసులోనైనా ధర పెరిగిందని తెలిస్తే అదే వారంలో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీకి పెట్టిన తేదీ, అది చేతికొచ్చిన తేదీ రెండూ కాగితం మీద ఉండాలి.
* మూడు నెలల్లోపు ఇచ్చే దరఖాస్తు కోర్టుకు కాదు, కలెక్టరుకు. తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోకుండా కార్యాలయం దాటవద్దు.
* హైకోర్టులో అప్పీలు ఉందట, అది తేలేదాకా చూద్దామని కూర్చోవద్దు. వెంటనే వకీలును అడగండి.
* ఆఖరి రోజు ఈ-ఫైలింగ్ పెట్టుకోవద్దు. కరెంటు, నెట్ మన మాట వినవు.
* అసలు కాగితాలు ఎవరికిచ్చినా రాతపూర్వకంగా ఇవ్వండి, తిరిగి తీసుకోండి.

మామకు ఇప్పుడు ఎనభై దాటాయి. కిందటి నెల ఆయన మనవడు తన సెల్లులో ఆ పాత ఊరి భూముల కేసొకటి తీసి చూపించాడు. ఇంకా నడుస్తున్న కేసు అది, వేరే నోటిఫికేషన్‌ది. మామ దగ్గరగా పట్టుకుని చూశాడు. చదవడం రాదు. వాయిదా తేదీ ఏదో వేలుతో చూపించమన్నాడు. చూపించాక "గీ కేసు ఎవలదో వాళ్లకు ఎర్కేనా? పక్కోళ్లకు ఎర్కేనా? పోయి చెప్పిరా" అన్నాడు. పిల్లవాడు బండి తీసుకుని చెప్పడానికి పోయాడు.